వందన సమర్పణ తర్వాత

మా అమ్మ సభల్లో పాతికేళ్ళకు పైగా మాట్లాడింది. ప్రతిసారీ అవే మాటలు: "మా ఆహ్వానాన్ని మన్నించి, తమ అమూల్యమైన సమయాన్ని మాకోసం వెచ్చించి..." అక్కణ్ణించి ముఖ్య అతిథి పేరు, డిగ్రీలు, హోదా. మర్చిపోకుండా ఒక చీటీ మీద రాసుకునేది. తెనాలిలో తను చేరిన మహిళా క్లబ్బుకి అమ్మ కార్యదర్శి. సభ ఏర్పాట్లన్నీ తనవే. షామియానా కొట్టు నుంచి కుర్చీలు, మైకు తెప్పించడం, ముఖ్య అతిథి ఇంటికి రెండుసార్లు వెళ్ళి గుర్తు చేయడం, యాపిల్ పళ్ళు బేరమాడడం, అన్నీ. మాట్లాడే అవకాశం మాత్రం వందన సమర్పణలోనే. అప్పటికి సగం మంది లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు.

చిన్నప్పుడు నేను ఆ సభలకి అమ్మ కొంగు పట్టుకుని వెళ్ళేదాన్ని. నెలకో సాయంత్రం. అయిదింటికి అని కార్డు మీద ఉండేది, ముఖ్య అతిథి ఆరింటికి వచ్చేవాడు. "వాడు" అంటున్నానని ఎవరికైనా కోపం వస్తే క్షమించాలి, పదింట ఎనిమిది సార్లు మగవాళ్ళే. గుండె జబ్బుల డాక్టరుగారు వచ్చి నూనె తగ్గించమనేవారు. పదవీ విరమణ చేసిన అధికారి ఒకాయన టీవీ సీరియల్స్ చూడడం మానేసి పిల్లల చదువు చూసుకోమన్నాడు. ఒక ఆధ్యాత్మికవేత్త నిష్కామ కర్మ గురించి గంటంబావు చెప్పాడు, పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదకొండు దాకా జీతం లేకుండా చాకిరీ చేసే నలభై మందికి! నవ్వొస్తుంది గానీ అప్పుడు ఎవరూ నవ్వలేదు. శ్రద్ధగా విన్నారు. కొందరు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు కూడా.

అమ్మ లెక్కల పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నెలకి మనిషికి అయిదు రూపాయల చందా. ఖర్చుల్లో 'దుశ్శాలువ' అని ఒక పద్దు, 'జాకెట్టు ముక్క, తాంబూలం' అని ఇంకో పద్దు. మొదటిది మగ అతిథికి, రెండోది ఆడ అతిథికి. ఎందుకలా అని నా పిహెచ్.డి. రోజుల్లో అమ్మనడిగితే, "ఆడవాళ్ళు శాలువా ఏం చేసుకుంటారే, బీరువాలో మూలపడి ఉంటుంది" అంది. అది కూడా నిజమే. మనకి సిద్ధాంతంగా కనబడేది వాళ్ళకి గృహ నిర్వహణ.

2022 మార్చిలో మహిళా దినోత్సవానికి అదే క్లబ్బుకి నేను ముఖ్య అతిథిని. నా పరిశోధన తొలినాటి స్త్రీల పత్రికల మీద. 'హిందూ సుందరి'లో స్త్రీలు ఏం రాశారో చెబుదామని తయారై వెళ్ళాను. వేదిక ఎక్కే ముందు అధ్యక్షురాలు చెవిలో, "కొంచెం ఈ కాలానికి పనికొచ్చేది కూడా చెప్పమ్మా" అన్నారు. పనికొచ్చేది! సరే, అనుకుని చివర్లో ఆస్తి హక్కు గురించి చెప్పాను. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు, పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు వచ్చింది, సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో చెప్పింది. ఇక్కడికి అంతా బాగానే ఉంది. అప్పుడే అమ్మ చీటీ పంపింది, ముగించమని. ఏడున్నరకి ఇళ్ళకి పోయి అన్నం వండాలి అందరూ. నేను గొంతు పెంచి, "మీ అన్నదమ్ముల్ని అడగండి. మీది మీరు అడగడానికి సిగ్గెందుకు?" అని ముగించాను. ఆ రోజంతటికీ పెద్ద చప్పట్లు ఆ మాటకే. జాకెట్టు ముక్క తీసుకుని రాత్రి రైలుకి హైదరాబాదు వచ్చేశాను.

మర్నాటి సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు పిన్ని వచ్చింది. పిన్ని అంటే అమ్మ స్నేహితురాలు, క్లబ్బులో ఎప్పుడూ మూడో వరసలో కూచునే మనిషి. పుట్టిల్లు కొల్లిపర వైపు ఒక ఊరు. 1984లో పెళ్ళయింది. ఏటా సంక్రాంతికి పుట్టింటి నుంచి చీర, అరిసెలు వచ్చేవి. తమ్ముడే తెచ్చి ఇచ్చి, అక్క చేతి కాఫీ తాగి వెళ్ళేవాడు. ఆ ఏడు రాలేదు.

"అడిగానమ్మా," అంది పిన్ని కూచుంటూనే. నాకు ముందు అర్థం కాలేదు.

"నువ్వు చెప్పావుగా, అడగండని. అడిగాను."

తమ్ముడు మాట్లాడలేదట. మరదలు లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టిందట. 1998లో తండ్రీ ఇద్దరు కొడుకులూ మాగాణి పంచుకుని రిజిస్టరు చేయించుకున్న పంపకాల దస్తావేజు. పిన్నికి అప్పటిదాకా దాని సంగతే తెలియదు. అది పట్టుకుని ఇంటికొచ్చాక ఎవరో తెలిసినవాళ్ళు చెప్పారట, దీనితో నీకేం రాదు అని.

వాళ్ళు చెప్పింది నిజం. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతో గానీ కోర్టు డిక్రీతో గానీ జరిగిపోయిన పంపకాలను 2005 సవరణ కదిలించదు. మన రాష్ట్రంలో అంతకు ముందే, ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు వచ్చిన సవరణ ఉంది. అది అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే. 1984లో పెళ్ళి చేసుకున్న పిన్నికి ఆ తలుపు ఏడాది తేడాతో మూసుకుపోయింది. ఈ తలుపు 1998లో మూసుకుపోయింది. నాకిదంతా ఇప్పుడు తెలుసు. వేదిక మీద నిలబడి "అడగండి" అన్న రోజున తెలియదు. పత్రికల్లో చదివిన శీర్షికలు తెలుసు, అంతే. నాది సాహిత్యంలో డాక్టరేటు. కానీ నన్ను పరిచయం చేసినప్పుడు 'డాక్టర్' అన్నారు, ఏ విషయంలోనో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నేను ఏదో సర్దిచెప్పబోతే పిన్ని ఆపింది. "తప్పు నీదని కాదమ్మా. నువ్వు చెప్పింది బావుంది. నాకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు తెలుసా, అంత బావుంది. కాకపోతే ఇంకో పది నిమిషాలు చెప్పి ఉండాల్సింది."

వంటింట్లోంచి అమ్మ ఏమీ అనలేదు. చీటీ పంపింది తనే కదా.

ఈ సంగతి హైదరాబాదులో నా స్నేహితులకి చెప్పాను. అందరూ మనలాంటి వాళ్ళే, చదువుకున్నవాళ్ళు, రాసేవాళ్ళు. ఒకామె అంది: "బంధం తెంచింది తమ్ముడు. కూతురికి తెలియకుండా పంపకాలు చేసింది తండ్రి. నువ్వెందుకు బాధ్యత మోస్తున్నావు? ప్రశ్నించిన స్త్రీ మీదా, ప్రశ్నించమన్న స్త్రీ మీదా నేరం మోపడం పితృస్వామ్యం ఎప్పుడూ చేసేదే కదా." ఈ వాదనకి నా దగ్గర జవాబు లేదు. నిజానికి అది నేను ఇంకొకరికి చెప్పే మాటే. అయినా మనసు ఒప్పుకోలేదు. తమ్ముడి తప్పు తమ్ముడిదే. అది నా తప్పుని చెరిపెయ్యదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఇంకో స్నేహితురాలు, "ఇకనుంచి జాగ్రత్తగా మాట్లాడు, పర్యవసానాలు కూడా చెప్పు" అంది. ఇది వినడానికి న్యాయంగా ఉంది. కొన్నాళ్ళు ఇదే జవాబనుకున్నాను. కానీ 'జాగ్రత్త' అన్న మాటని కాస్త ఆగి చూడండి. ఆడపిల్ల పుట్టినప్పటి నుంచీ వినే మాట అది. అడిగితే చెడతావు, పుట్టింటి దారి మూసుకుపోతుంది, రేపు కష్టం వస్తే ఎవరు చూస్తారు? వేదిక మీది నుంచి ఈ జాబితా అంతా నేనే చదివితే, నాకూ పిన్ని మరదలికీ తేడా ఏముంది? నలభై మందిలో ఇద్దరు ముగ్గురికి నిజంగానే వాటా వచ్చే అవకాశం ఉండి ఉంటుంది. నా జాగ్రత్త వాళ్ళ నోరు నొక్కేస్తుంది. చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఎవరి ఇంటికీ వచ్చి కాఫీ తాగి చెప్పదు గనక మనకి కనబడదు, అంతే.

చాలా రోజులు ఆ ఒక్క మాట చుట్టూ తిరిగాను. 'అడగండి.' తెలుగులో ఈ మాటకి ఒక చిత్రమైన గుణం ఉంది. అది బహువచనం, గౌరవ వాచకం కూడా. నేను బహువచనంలో అన్నాను. ఎదురుగా నలభై మంది ఉన్నారు, నా గొంతులో ఆ నలభై మంది బలం ఉంది. పిన్ని దాన్ని గౌరవ వాచకంగా వింది. తనని, తనొక్కదాన్నే, ఎవరో మర్యాదగా పిలిచి అడగమన్నట్టు. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అదేననిపిస్తుంది. మర్నాడు కొల్లిపర బస్సెక్కినప్పుడు పక్కన మిగతా ముప్ఫైతొమ్మిది మంది లేరు. నేను అసలే లేను.

నా పరిశోధన కాగితాల్లోనే దీనికి మరో పక్క కనబడింది. నెల్లూరు జిల్లా దూబగుంట గురించి మనందరికీ తెలుసు. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో సారా మీద పాఠం, 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడం, అది జిల్లాలు దాటడం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం. పాఠం ఎంత గొప్పదో అని మనం చెప్పుకుంటూ ఉంటాం. పాఠం గొప్పదే. కానీ ఆ పాఠాన్ని చదివినవాళ్ళు రోజూ రాత్రి పనులయ్యాక ఒక చోట కూచునేవాళ్ళు. ఈ రోజు పాఠం, రేపు మళ్ళీ కూచోవడం. ఒకామె మొగుడు కొడితే మర్నాటి రాత్రి బడిలో అందరికీ తెలుస్తుంది. వాళ్ళు వెళ్ళింది కలిసి. 'అడగండి' అన్నది అక్కడ నిజంగా బహువచనం. నేను చేసిందేమిటంటే, ఒక సాయంత్రం వెళ్ళి బహువచనం వాడి, రైలెక్కడం.

ముఖ్య అతిథి అనే ఈ ఏర్పాటు మనకి ఎప్పుడొచ్చిందో సరిగ్గా పట్టుకోవడం కష్టం. 1902లో బండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అచ్చమాంబ ఊళ్ళు తిరిగి ఇలాంటి సమాజాలు పెట్టించింది, 1905లో చనిపోయేనాటికి ముప్ఫై ఏళ్ళు ఆమెకి. ఆ సమాజాల్లో సభ్యురాళ్ళే ఉపన్యాసం రాసుకొచ్చి చదివేవారు, కొన్ని పత్రికల్లో అచ్చయ్యేవి. ఈ నెల చదివినామె వచ్చే నెల వింటుంది. చెప్పేది ఒకరు, వినేది ఇంకొకరు అన్న గోడ అక్కడ ఇంత మందంగా లేదు. అయితే ఆ రోజుల్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడ కూచున్నవాళ్ళు ఏ కులాల వాళ్ళో, ఏ ఇళ్ళ వాళ్ళో, వాళ్ళు సభలో ఉన్నంతసేపూ ఇంట్లో అంట్లు తోమినవాళ్ళెవరో ఆ పత్రికలు చెప్పవు. మా అమ్మ క్లబ్బు లెక్కల పుస్తకమే నయం, 'టీ అమ్మాయికి' అని ఒక పద్దు ఉంది. పేరు లేదు.

ఏదైతేనేం, నేను దారి కనిపెట్టాననుకున్నాను. 2023 డిసెంబరులో అదే క్లబ్బు మళ్ళీ పిలిచింది. షరతులు పెట్టాను. వేదిక వద్దు, మైకు వద్దు, కుర్చీలు గుండ్రంగా వెయ్యండి, నేను మాట్లాడను, అందరం మాట్లాడదాం. మన సెమినార్లలో చేస్తుంటాం కదా. కుర్చీలు గుండ్రంగా వేశారు. కూచున్నాం. నేను, "చెప్పండి" అన్నాను. మళ్ళీ బహువచనమే!

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఎదురెదురుగా కూచోవడంతో ఎటు చూడాలో తెలియక చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నారు. ఉపన్యాసం వినేటప్పుడు వరసల్లో ఒక స్వేచ్ఛ ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. ముఖం ఎవరికీ కనబడదు, ఏడవొచ్చు, కునుకు తీయొచ్చు. పావుగంట అయ్యాక వెనకాల గుమ్మం దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డామె కేసి చూశాను. గుండ్రంలో ఆమెకి కుర్చీ లేదు. వేయించాలన్న ఆలోచన నాకూ రాలేదు.

చివరికి ఒక పెద్దావిడ, టీచరుగా పనిచేసి రిటైరయినామె, కాస్త చిరాగ్గానే అంది: "అమ్మాయ్, మేము ఒకళ్ళ మాటలు ఒకళ్ళం నెలంతా వింటూనే ఉంటాం. ఎవరి కోడలు ఏమందో, ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయో అన్నీ తెలుసు. నెలకో రోజు, మాకోసం ఎవరో నాలుగు పుస్తకాలు చదివి, తయారై వచ్చి చెబుతారని వస్తాం. నువ్వేమో ఏమీ తయారవకుండా వచ్చి మమ్మల్ని చెప్పమంటున్నావు."

చెంప ఛెళ్ళుమంది. మర్యాదగానే అంది, అయినా. శ్రోతల్ని మౌన బాధితులుగా చూడడంలో కూడా ఒక అహంకారం ఉంది. అన్నేళ్ళు మా అమ్మా వాళ్ళూ ఆ డాక్టర్లనీ ఆధ్యాత్మికవేత్తల్నీ విన్నది బుద్ధి లేక కాదు. వాళ్ళకోసం ఒక మనిషి సమయం పెట్టి సిద్ధమై రావడమన్నది ఆ ఇళ్ళల్లో ఇంకెక్కడా జరగదు. భర్త వాళ్ళకోసం తయారై రాడు, కొడుకూ రాడు. సగం ఉపన్యాసాలు పనికిమాలినవని వాళ్ళకీ తెలుసు. బస్సులో వచ్చేటప్పుడు నిష్కామ కర్మాయన్ని అమ్మ అచ్చు గుద్దినట్టు అనుకరించేదట. ఈ మధ్యే చెప్పింది నాకు.

అంటే నేను చెయ్యాల్సింది మాట్లాడడం మానడం కాదు. తయారవడం, నా డాక్టరేటు ఎంతవరకో ముందే చెప్పడం, తెలియని దగ్గర తెలిసినవాళ్ళని పిలవమనడం. చివరి బండికి కాక మర్నాటి బండికి టికెట్టు తీసుకోవడం. ఇంత చిన్న విషయాలా నైతిక సమస్యంటే, అని నవ్వకండి. పిన్నికి కావలసింది పది నిమిషాలే కదా. ఇవన్నీ చేసినా మరో పిన్ని మరో బస్సెక్కదన్న హామీ లేదు. ఆ భయం లేకుండా వేదిక ఎక్కే రోజు వస్తే నేను ఎక్కకపోవడమే మంచిదనుకుంటాను.

2024 మార్చిలో క్లబ్బు వాళ్ళు గుంటూరు నుంచి ఒక మహిళా న్యాయవాదిని పిలిచారు. పిలవమని పట్టుబట్టింది పిన్ని. నేను ఊళ్ళోనే ఉన్నాను గనక వెళ్ళాను, మూడో వరసలో పిన్ని పక్కన కూచున్నాను. కుర్చీలు మళ్ళీ వరసల్లోనే. పిన్ని చేతిసంచీలో దస్తావేజు జిరాక్సు. అమ్మ ఈసారి చీటీ రాయలేదు, అన్నాలు వండుకునే వచ్చారందరూ. అమ్మే ముందురోజు ఫోన్లు చేసి చెప్పింది.

ఉపన్యాసం నలభై నిమిషాలు. తర్వాత పిన్ని లేచి కాగితం అందించింది. లాయరుగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఈ పొలంలో మీకేమీ రాదమ్మా" అన్నారు. పిన్ని తలూపింది, తెలుసన్నట్టు. "మీ అమ్మగారి పేరు మీద ఏమన్నా ఉందా?"

ఊళ్ళో ఇల్లు వాళ్ళమ్మ పేరునే ఉంది. తాతయ్య ఆవిడకి పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. అమ్మ పోయి ఆరేళ్ళయింది, తండ్రి అంతకుముందే పోయాడు. వీలునామా ఏమీ రాయలేదు. అందులో తమ్ముళ్ళే ఉంటున్నారు.

"అయితే ఆ ఇంట్లో మీకు మీ తమ్ముళ్ళతో సమానంగా వాటా ఉంది. ఇది 2005 చట్టంతో వచ్చింది కాదు. 1956 నుంచీ ఉన్నదే. వీలునామా లేకుండా పోయిన తల్లి ఆస్తి కొడుకులకీ కూతుళ్ళకీ సమానం."

హాలంతా పిన్ని కేసి తిరిగింది. వెనక వరసలో ఎవరో, "అడుగు వదినా, మేమొస్తాం" అన్నారు. ఇంకెవరో నవ్వారు. పిన్ని జిరాక్సు తీసుకుని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది.

"వచ్చే సంక్రాంతికి చీర తెస్తాడేమో చూద్దామనుకున్నానండీ," అంది లాయరుగారితో. తర్వాత నాకేసి చూడకుండా, "ఖర్చెంతవుతుంది?" అని అడిగింది.